రెండేసి టైముల కాగితం

మా ఆడపడుచు నా దగ్గర ఏదో దాస్తోందని మూడు రోజులుగా నాకు అనుమానం. ఫంక్షన్లు చేయించే వ్యాపారం మా ఇద్దరిదీ. ఇవాళ ఓ పెద్ద కంపెనీ వార్షికోత్సవం, మాకు ఆఖరి అవకాశం. పోయినేడు వాళ్ళ ఉత్సవానికి ప్లాను నేనే వేశాను. ముఖ్య అతిథి వచ్చేదాకా గంటసేపు వేదిక ఖాళీగా ఉండిపోయింది. ఈసారి అలా జరిగితే మళ్ళీ మీ గడప తొక్కేది లేదని ఆ కంపెనీ మేనేజరు తెగేసి చెప్పాడు. దాంతో ప్లాను ఆడపడుచు చేతికి వెళ్ళింది. పెత్తనం మాత్రం నేను వదల్లేదు.

మధ్యాహ్నం హాల్లో నన్ను చూడగానే తను ఫైలు టక్కున మూసేసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వ్యవహారం. మూడింటికి తను టీకి వెళ్ళగానే ఫైలు తెరిచాను. పై కాగితంలో ఒక్కొక్కరికీ రెండేసి టైములు. లైట్లతనికి చెప్పింది పన్నెండు, కావలసింది రెండు. పూలతనికి చెప్పింది తొమ్మిది, కావలసింది పది. ముఖ్య అతిథికి చెప్పింది అయిదు, కావలసింది ఆరు.

అందరికీ అబద్ధాలే! ఎవరితోనో చేతులు కలిపి నన్ను నిలువునా ముంచుతోందని ఒళ్ళు మండిపోయింది. అంత పెద్దమనిషిని గంట ముందే తెచ్చి కూర్చోబెడితే విసుక్కుని వెళ్ళిపోరా? వెంటనే ఆయన సెక్రటరీకి ఫోన్ చేశాను.

"అయిదు కాదండీ, సార్‌ని ఆరింటికి తీసుకురండి."

ఆరయింది. హాలు నిండింది. ముఖ్య అతిథి జాడ లేదు. మళ్ళీ ఫోన్ చేశాను.

"ఇప్పుడే బయల్దేరుతున్నామండీ. ఎక్కడికైనా ఓ గంట ఆలస్యంగా వెళ్ళడం సార్‌కి అలవాటేగా" అన్నాడు సెక్రటరీ.

ముందు వరసలో మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. ఆడపడుచు దగ్గరికి పరుగెత్తాను.

"నీ కాగితం చూశానే. టైం మార్చి చెప్పేశాను. కొంప ముంచాను."

"సర్లే వదినా, కంగారుపడకు" అని తను తెర దగ్గరున్న కుర్రాడికి సైగ చేసింది.

తెర లేచింది. ఆ కంపెనీ ఉద్యోగులే ఓ ఇరవైమంది, వాయిద్యాలతో సహా సిద్ధంగా కూర్చుని పాట ఎత్తుకున్నారు. తోటివాళ్ళని వేదిక మీద చూసి హాలంతా ఈలలు, చప్పట్లు. మేనేజరు కూడా తాళం వేస్తున్నాడు.

"ఇది ప్లాన్లో లేదుగా?" అన్నాను.

తను ఫైలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నేను తిప్పి చూడని రెండో పేజీలో ఇలా ఉంది:

"వదిన ఫైలు తెరిచేది మూడింటికి. అతిథికి ఫోన్ చేసేది మూడుంపావుకి. చేస్తే, ఆరు నుంచి ఏడు దాకా పాటలు."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మెల్లగా నా ఫోన్ తీసి చూసుకున్నాను. సెక్రటరీకి చేసిన మొదటి కాల్, మూడూ పదిహేను.