సీసం గుండ్ల దోమతెర

మా నాగార్జున లారీలో లేనిది లేదని ఊరంతా చెప్పుకుంటారు. నేనూ అదే అనుకున్నాను, ఎక్కి చూసేదాకా.

నాగార్జున నా పెద్దకొడుకు కొడుకు. జగదల్‌పూర్ కోల్డ్ స్టోరేజీలో చింతపండు ఎత్తుకుని, సుక్మా, దోర్నపాల్ మీదుగా మా ఎర్రబోరు దాటి, మారేడుమిల్లి ఘాటు దిగి రాజమండ్రి పోతాడు. అక్కడ దింపి ఎరువుల బస్తాలు ఎక్కించుకుని వస్తాడు. మా ఇల్లు రోడ్డు మీదే కాబట్టి పోతూ ఒక పూట, వస్తూ ఒక పూట ఆగుతాడు. మిగతా రోజులన్నీ లారీలోనే తిండి, లారీలోనే పడక. క్లీనరు కూడా లేడు, ఒక్కడే. ఎరువుల గోదాం ముందు ఒక్కోసారి నాలుగు రోజులు వరసలో నిలబడాలి. ఆ వరస పొడుగునా మురుగు కాలవ.

రెండేళ్లలో వాడికి రెండుసార్లు మలేరియా వచ్చింది. రెండోసారి వణుకు ఘాటులోనే పట్టుకుంది. స్టీరింగు చేతిలో నిలవక, లారీని ఎలాగో కొండవారకు చేర్చి, లోడుతో సహా అక్కడే ముడుచుకుపోయాడు. వెనక వచ్చిన డ్రైవరెవరో చూసి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఓనరు హరిబాబు చెడ్డవాడు కాదు. ఆసుపత్రికి వచ్చాడు, అరటిపళ్లు తెచ్చాడు, మా ముందే చెప్పాడు. "మూడోసారి జ్వరం వస్తే మాత్రం తాళాలు ఇచ్చెయ్యి నాగార్జునా. ఘాటులో వణికే మనిషి చేతిలో బండి పెట్టి నేను ఇంట్లో నిద్రపోలేను." ఆ మాటలో తప్పు ఎక్కడుందా అని చాలా వెతికాను. దొరకలేదు. అందుకే నా భయం. ఆ లారీ తప్ప వాడికి వేరే పని రాదు, రావాలని కోరికా లేదు.

ఈ ఏడు తొలకరి పడ్డాక ఒక పొద్దున లారీ ఇంటి ముందు ఆగింది. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అందులోకి ఎక్కలేదు. ఇవాళ ఎక్కి చూడాల్సిందే అన్నాను. మొదటి మెట్టే నా నడుమంత ఎత్తు. ఒక చెయ్యి ఇనుప కమ్మీ మీద, ఒక చెయ్యి మనవడి తల మీద వేసి పైకి లేచాను.

"మెల్లగవ్వా! ఆ అద్దం పట్టుకోకు, ఊడొస్తది."

"నా నడుం ఊడితే ఫర్వాలేదా?"

"నడుం నీది. అద్దం ఓనర్‌ది."

లోపల చూస్తే పెళ్లిపందిరి. సీట్ల వెనక పడక, దాని మీద నా మంచం ఎన్నడూ ఎరగనంత మెత్తటి పరుపు. పడకకు అడ్డంగా ఎర్ర ముఖమల్ తెర, దానికి బంగారు రంగు కుచ్చులు. తెర రింగుల మీద జరిగితే సర్రుమని చప్పుడు. పైన నీలం దీపాలు. ఇటొక ఫ్యాను, అటొక ఫ్యాను. ఫోన్లకు కరెంటు పెట్టే బెజ్జాలే మూడు, ఉన్నది ఒక్క ఫోను. టీ కాచుకునే చిన్న డబ్బా, దానికీ తీగే. భద్రాచలం రాముడి పటం కింద ఇంకో బుల్లి దీపం. వాడు ఒక్కొక్కటీ నొక్కి వెలిగించి నా మొహంలోకి చూస్తున్నాడు, మెచ్చుకుంటానని.

"అన్నీ బాగున్నయ్. దోమతెర ఏది?" అన్నాను.

"దోమతెరా?" అని నవ్వాడు. "ఫ్యానుంది గదా అవ్వా. ఫ్యాను గాలికి దోమ నిలవదు."

"బండి ఆపినంక ఎంతసేపు తిరుగుతది నీ ఫ్యాను?"

వాడు తల గోక్కున్నాడు. "బ్యాటరీ దిగిపోతదని ఒక రెండు గంటలు పెట్టుకుంట."

"ఆ తర్వాత?"

"అద్దాలు దించుకుంట. లేకపోతే ఉడికిపోనా?"

"అంటే దోమకు తలుపు తీసి, టీ కూడా కాచి పెడుతున్నవ్."

"కాయిల్ ముట్టిస్తనే!"

"కాయిల్ పొగకు నీకొస్తది దగ్గు. దోమకు రాదు."

కింద నిలబడి ఉన్న వాడి పెళ్లాం స్రవంతి, "చెప్పి చెప్పి నా నోరు నొప్పి పెట్టిందవ్వా, ఇప్పుడు నీ వంతు" అంది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. "పది లారీలు వరసలో ఉంటయవ్వా. నేనొక్కణ్ని దోమతెర కట్టుకుని పండుకుంటే, 'బాలింత పండుకుంది, సప్పుడు చెయ్యకండి' అంటరు. ఊరూరా అదే పేరు పెట్టి పిలుస్తరు నన్ను."

"కుచ్చుల తెర కట్టుకుంటే ఏమీ అననోళ్లు, దోమతెర కడితే అంటరా?"

"అది వేరు, ఇది వేరు."

ఏం వేరో వాడికీ తెలియదు. మగవాళ్లతో ఇదే బాధ. వీడి తాత రామనర్సయ్యా ఇంతే. జొన్నచేను కాపలాకి మంచె మీద పడుకునేవాడు. వేపాకు పొగ వేసుకోవయ్యా, దోమలు తింటాయి అంటే, పొగ వేస్తే అడవిపంది రాదు, అది రాకపోతే కూర ఎక్కడిది అనేవాడు. పంది రాలేదు, కూర లేదు, జ్వరం వచ్చింది. మంచె ఎక్కి పోయిన మనిషిని మంచం మీద మోసుకొచ్చారు, మళ్లీ లేవలేదు. అప్పటికి వీడి నాన్నకు ఎనిమిదేళ్లు. ఆ మాటే చెప్పబోతున్నాను, ఊరి కింది వైపు నుంచి కేక వినబడింది.

"మితానిన్ వస్తంది! బుధ్రి వస్తంది!"

మితానిన్ అంటే ఊళ్లో మందుబిళ్లలిచ్చే ఆరోగ్యం మనిషి. మా వాడకు బుధ్రి మితానిన్. ఏటా వానలు మొదలవగానే, సర్కారు ఇచ్చిన మందు దోమతెరలు ఇంటింటా ఎన్ని కట్టుకున్నారో చూసి రాసుకుంటుంది. ఇక్కడ నా సంగతి కూడా చెప్పక తప్పదు. మా ఊళ్లో బుధ్రి కంటే ముందు ఆమె వస్తోందన్న కబురు వస్తుంది. ఆ కబురుతో పాటు దోమతెరలన్నీ కంచెల మీద నుంచి, కళ్లాల్లోంచి, కోళ్లగూళ్ల మీద నుంచి లేచి మంచాలెక్కుతాయి. ఆమె పోగానే మళ్లీ దిగి ఎవరి ఉద్యోగానికి అవి పోతాయి. మా ఇంటికి మూడు ఇచ్చారు. ఒకటి చిక్కుడు మడి చుట్టూ, కోళ్లు గీకకుండా. ఒకటి ఎండాకాలం ఇప్పపువ్వు ఆరబోసి ఆరబోసి చిరిగింది. మూడోది, అన్నిట్లోకీ గట్టిది, దాని అంచుకు నేనే సీసం గుండ్లు కట్టి చేపలవల చేసుకున్నాను. వానాకాలమంతా నేనో కొస, స్రవంతో కొస పట్టి వాగులో లాగితే పూటకు సరిపడా చిన్నచేపలు వచ్చేవి.

కేక వినగానే నేను లారీ దిగలేక అవస్థ పడుతుంటే, స్రవంతి పెరట్లోకి పరుగెత్తి చిక్కుడు మడి చుట్టూ ఉన్న తెర పీకి నా మంచం మీద వేసింది. క్యాబిన్‌లో ఎత్తున కూర్చున్నవాడికి పెరడంతా కనిపిస్తుంది. నాగార్జున చూశాడు. చూసి హారన్ కొట్టాడు, ఆ పాటలు పాడే హారన్.

"అవ్వా! నా మీద పంచాయితీ పెట్టి, నీ దోమతెర కోళ్లకు కట్టినవా!"

"మూసుకో. నేను చేసే తప్పుకు నా లారీ ఎవరూ గుంజుకోరు."

నేను కిందికి దిగేసరికి బుధ్రి వచ్చేసింది. మంచం దగ్గర వంగి తెరలోంచి ఒక ఆకు తీసింది. "పెద్దమ్మా, మంచం మీద చిక్కుడు ఎప్పుడు నాటినవ్?"

ఆమె గోడ వైపు తిరిగింది. అక్కడ చేపల తెర ఆరేసి ఉంది.

"ఈ మచ్చర్‌దానీకి సీసం గుండ్లు సర్కారే కట్టి ఇచ్చిందా?"

లారీలోంచి మళ్లీ హారన్.

సిగ్గు దాచుకోవడానికి నేనే ఎదురు అడిగాను. "అవన్నీ ఒప్పుకుంట గానీ బుధ్రీ, మా వాడి లారీకి ఒక కొత్త తెర ఇయ్యవే."

"లారీకి హిసాబ్ లేదు పెద్దమ్మా. ఇంటికే. కొత్తవి మళ్లీ ఏడాదికే వస్తయ్. ఉన్నయ్ మూడు, చాలవా?" అని గోడ మీది తెరను వెలుతురుకు పట్టి చూసింది. "అన్నిసార్లు నీళ్లలో ముంచినవ్, మందు పోయుంటది. కానీ ఒక్క బొక్క లేదు. పరుపు కిందికి సరిగ్గా దోపితే ఇది చాలు."

ఆమె అటు పోగానే నేను ఆ తెర గోడ మీద నుంచి లాగాను. స్రవంతి మొహం వాడిపోయింది. "మరి చేపలవ్వా?"

"చేపలు ఎక్కడికీ పోవు. వీడు పోతాడు."

కత్తెర, దబ్బనం, దారం తీసుకుని మళ్లీ ఆ నడుమెత్తు మెట్టెక్కాను. ముఖమల్ తెర రింగులకే, లోపలి వైపున, దోమతెర పై అంచు కుట్టడం మొదలుపెట్టాను. బయటి నుంచి చూసేవాళ్లకు కుచ్చులే కనబడతాయి. లోపల ఏముందో ఏ లారీవాడికీ తెలియదు. మిగతా పక్కల అంచులను పైకప్పుకు ఉన్న కొక్కేలకు తాళ్లతో కట్టాను. అంతసేపూ నాగార్జున స్టీరింగు మీద వేళ్లతో దరువేస్తూనే ఉన్నాడు.

"టైమైతాందవ్వా."

"గోదాం ముందు నాలుగు రోజులు నిలబడేటోడివి, అవ్వ కోసం రెండు గంటలు నిలబడలేవా?"

తెర కట్టడం అయ్యాక కింద గుండ్లు కోయడం మొదలుపెట్టాను. లారీలో వాటితో పనేముంది? ఒక వైపు నాలుగు కోసేసరికి వాడు ఫ్యాను వేశాడు. వేస్తే ఏముంది, గుండ్లు కోసిన వైపు తెర గాలికి ఎగిరి వాడి నెత్తిన పడింది.

"సూసినవా? ఇది ఇట్ల లేస్తది. కింద నుంచి దోమలన్నీ వస్తయ్. అంచు దోపినా నా కాలు తగిలి ఊడిపోతది. తీసెయ్యవ్వా, తీసెయ్."

నేను వాడి మాట వినడం లేదు. రెండో వైపు చూస్తున్నాను. అటు గుండ్లు ఉన్నాయి. ఫ్యాను ఎంత కొట్టినా ఆ అంచు పరుపును పట్టుకుని ఇంచు కదలడం లేదు, వాగు నీళ్లకు కదలనట్టే. కోసిన నాలుగు గుండ్లు ఒళ్లోంచి ఏరి మళ్లీ కుట్టాను. ఫ్యాను వేయమన్నాను. రెండు ఫ్యాన్లూ వేశాడు. తెర బొజ్జలా ఉబ్బింది గానీ అంచు లేవలేదు. వాడు లోపల పడుకుని కాళ్లు అటూ ఇటూ తన్ని చూశాడు. అంచు కొంచెం లేచి, తిరిగి దానంతట అదే కిందికి వచ్చేసింది.

"నేను మనిషినా, చేపనా?" అన్నాడు లోపల నుంచి.

"చేపకు చెప్తే వింటది," అన్నాను.

నాలుగో రోజున ఫోను. గోదాం ముందు నుంచి. హలో కూడా అనలేదు.

"ఉతికినవా దీన్ని కట్టే ముందు? లారీ అంత నీచు కంపు! పిల్లి ఒకటి వచ్చి క్యాబిన్ ఎక్కి కూర్చుంది. కొడితే పోదు. పక్క లారీలోళ్లు వచ్చి వాసన చూసి, 'ఏం లోడ్ తమ్మీ, ఎండుచేపలా?' అంటన్నరు. ఇవాళ తీసి కాలవల పారేస్త."

"పారెయ్. నువ్వు పారేసిన మరు నిమిషం నేనే హరిబాబుకు ఫోన్ చేస్త, తాళాలు తీసుకో బాబూ అని."

అటు నుంచి పిల్లిని అదిలిస్తున్న చప్పుడు వచ్చింది.

"దోమలు కుట్టినయా?" అన్నాను.

"దోమలు లేవు. పిల్లి ఉంది," అని ఫోను పెట్టేశాడు.

ఈసారి ఎరువుల లోడు దొరకడం ఆలస్యమై ఇరవై రెండో రోజున వచ్చాడు. లారీ దిగడమే ఒళ్లు నొప్పులని మూలుగుతూ దిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి పెట్టి చూస్తే నుదురు వెచ్చగా తగిలింది. నా చెయ్యే వెచ్చగా ఉందో, వాడి నుదురే వెచ్చగా ఉందో నాకు తెలియలేదు. స్రవంతి బుధ్రి కోసం పరుగెత్తింది.

బుధ్రి వాడి వేలి కొన పొడిచి, చిన్న పట్టీ మీద రక్తపు చుక్క వేసి, పైన మందు నీళ్లు పోసింది. ఒక్క గీత వస్తే మలేరియా లేనట్టు. పక్కన ఇంకోటి వస్తే ఉన్నట్టు. పావుగంట ఆగాలంది. జగదల్‌పూర్ నుంచి రాజమండ్రి పోయొచ్చినంత పొడుగుంది ఆ పావుగంట. నేను దాని మీదికి వంగితే, "ఊదకు పెద్దమ్మా," అని బుధ్రి నన్ను వెనక్కి నెట్టింది. నాగార్జున అరుగు మీద కూర్చుని తాళాల గుత్తి అరచేతిలో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. ఈసారి హారన్ లేదు, వేళాకోళం లేదు.

ఒక గీత వచ్చింది. చూశాం. చూస్తూనే ఉన్నాం. పావుగంట అయింది. బుధ్రి ఇంకో రెండు నిమిషాలు ఆగి, పట్టీ వెలుతురులో పెట్టి చూపించింది.

"ఒక్కటే. మలేరియా కాదు."

"మరి ఒళ్లు నొప్పులో?" అన్నాను.

"హమాలీలు రాలేదవ్వా," అన్నాడు తల దించుకుని. "అరవై బస్తాలు నేనే ఎక్కించిన. పైగా ఆ పిల్లి రోజూ కాళ్ల మీదనే పంటది, కదలనియ్యదు."

ఈ మాట వచ్చిన వెంటనే చెప్తే మా ముగ్గురి ప్రాణాలు అంతసేపు గొంతులోకి వచ్చేవా? చెప్పడు. తాళాల గుత్తి జేబులో వేసుకున్నాడు, అంతే.

బుధ్రి కాగితం తీసింది. "వచ్చిన పని కూడా అయిపోతది. ఈ ఇంట్లో ఎన్ని తెరలు కట్టుకున్నరు పెద్దమ్మా? నిజం చెప్పు."

నిజమే చెప్పాను. మిగిలిన రెండూ కలిపి అతుకులేసి నేనూ స్రవంతీ పడుకుంటున్నాం. అది ఒకటి. ఇంకోటి అదిగో అని లారీ చూపించాను. ఏ గడిలో రాయాలో ఆమెకు తోచలేదు. కలం నములుతూ కాసేపు నిలబడి, రెండు అని రాసుకుని పోయింది.

నాగార్జున కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. కంచం ముందుకు జరుపుకుని గిన్నెలన్నీ చూశాడు.

"పప్పుచారేనా? వానాకాలం గదా, చేపల పులుసు లేదా అవ్వా?"

"వల నీ లారీల ఉంది."

"చిక్కుడన్నా?"

"కోళ్లు తిన్నయ్."

పప్పుచారే కలుపుకున్నాడు. నేను రెండో గరిటె పోస్తుంటే, లారీ మెట్టు మీద నుంచి బూడిదరంగు పిల్లి ఒకటి తాపీగా దిగి, వాకిలి దాటి, వంటింటి గుమ్మంలో కూర్చుని నా వైపు చూసింది. రాజమండ్రి నుంచి తీసుకొచ్చాడు మహానుభావుడు. వాడి తిండికే నా దగ్గర కూర లేదు, ఇప్పుడు దీనికేం పెట్టను?