లోతుల పెట్టె

అన్నదమ్ములిద్దరూ కలిసి పడవలవాళ్ల కోసం ఒక ప్రోగ్రామ్ చేశారు. నదిలో ఏ మలుపు దగ్గర ఎంత లోతుందో అది తెర మీద చూపిస్తుంది. రాసింది పెద్దోడు. తాడుకు సీసపు గుండు కట్టి, ఆరేళ్లపాటు మలుపు మలుపునా నీళ్లలోకి వదిలి కొలిచింది చిన్నోడు. ఎండకు వాడి వీపు బొగ్గయింది గాని ఒక్క మలుపు వదల్లేదు.

రెండూ ఒకే ప్యాకేజీలో ఉండేవి. పెద్దోడు ఒక్క అక్షరం దిద్దినా సరే, పడవలవాళ్లు ఆ కొండంత లోతుల లెక్కల్ని మళ్లీ దించుకోవాల్సిందే. వాళ్ల తిట్లు పడలేక పెద్దోడు దాన్ని రెండు చేశాడు, ప్రోగ్రామ్ ఒకటి, లోతులు ఒకటి. తమ్ముడికి చెప్పనే లేదు. 'దీంతోపాటు అది కూడా కావాలి' అని ప్రోగ్రామ్ ప్యాకేజీలో రాయాల్సిన ఒక్క వరుసా మరిచిపోయాడు.

తెల్లారేసరికి పడవలన్నిట్లో కొత్తది దానంతటదే ఎక్కి కూర్చుంది. పాతది పోతూ పోతూ లోతుల్ని ఊడ్చుకుపోయింది. తెర మీద నది ఉంది, అంకె లేదు. ఒక పడవ బండకు కొట్టుకుంది. దాన్ని నడిపే సరంగు పగిలిన నెత్తితో రేవుకొచ్చి, చిన్నోణ్ణి లాగి చెంప మీద కొట్టాడు.

"మీ అన్న నీ వాటా తీసి అవతల పడేశాడు. తెలీదా?" అన్నాడు నెత్తురు ఉమ్మి.

చిన్నోడి కళ్లు ఎర్రబడ్డాయి. గుండు చేత పట్టుకుని ఇంటికెళ్లి తలుపు తన్నాడు. ప్రోగ్రామ్‌ను పడవలన్నిటికీ పంచే కంప్యూటర్ పెట్టె అన్న బల్ల మీదే ఉంది. మొదటి దెబ్బకు దాని మూత చీలింది. పెద్దోడు చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బకు మూడు వేళ్లు పటపటా విరిగాయి. ఆపమని అన్న అరుస్తున్నా వాడి చెవికెక్కలేదు. మూడో దెబ్బకు పెట్టె నుగ్గునుగ్గయింది.

"ఒరేయ్, నీ లోతులు అందులోనే ఉన్నాయిరా," అన్నాడు పెద్దోడు, నేల మీద కూలబడి. "విడిగా కట్టి పెట్టాను. ఇంకెక్కడా లేవు."

చిన్నోడు నెత్తురంటిన గుండును గిరాటేయబోయాడు. మొగుడి వేళ్లకు గుడ్డ చుడుతున్న వదిన తలైనా ఎత్తలేదు.

"అది పారెయ్యకు మరిదీ. రేపట్నించి మళ్లీ మొదటి మలుపు."