అక్కయ్య గ్లౌజు

రోజూలాగే నీరజ లేచి పాలు పొయ్యి మీద పెట్టేసరికి గ్లౌజు వెల్లుల్లి ఒలిచేసి, కృష్ణప్రియకి జడ వేస్తోంది.

"నీకంటే ఇదే నయమే అమ్మా, జుట్టు పీకదు," అంది పిల్ల.

2006 వేసవిలో ఆ గ్లౌజుని విజయవాడ నుంచి తెప్పించింది నీరజ పెద్ద తోడికోడలు భారతీదేవి కోసం. కీళ్ళవాతంతో ఆమె కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోతున్నాయి. తీగలూ చిన్న మోటారూ కుట్టిన ఆ గ్లౌజు వేళ్ళని తెరిచి మూస్తుంది. రోజూ వెయ్యకపోతే అవి అట్లాగే బిగుసుకుపోతాయన్నాడు డాక్టరు. ఒంటిచేత్తో ఆమె తొడుక్కోలేదు. తొడిగే పని నీరజది.

కొన్నాళ్ళు తొడిగింది. ఒకరోజు హడావిడిలో మర్చిపోయింది. ఖాళీగా ఉన్న గ్లౌజు తనంతట తనే లేచి అంట్లు తోమింది. మర్నాడు నీరజ, "బ్యాటరీ అయిపోయిందక్కయ్యా, కొత్తది రావాలి," అంది.

జగ్గయ్యపేట బజార్లో వాళ్ళది బట్టల కొట్టు. కౌంటర్లో కూచుని గుడ్డ కత్తిరించేది ఎప్పుడూ భారతీదేవే. ఇప్పుడా కుర్చీ నీరజది. నందిగామలో డిగ్రీ చదివి వంటింట్లో పడ్డ మనిషి, ఆ కుర్చీ రుచి మరిగింది. ఇంటిపని గ్లౌజు చూసుకుంటోంది. అక్కయ్యకి చీర కుచ్చిళ్ళు దోపేటప్పుడు మాత్రం మొహంలోకి చూడదు.

"బ్యాటరీ వచ్చిందా నీరజా?"

"ఇంకా రాలా అక్కయ్యా."

భారతీదేవి కృష్ణప్రియ జడని ఎడంచేత్తో నిమిరింది. "బాగా వేసిందే. బ్యాటరీ లేకుండానే."

ఆ పూట కొట్లో నీరజకి కొలతలన్నీ తప్పాయి.

సాయంత్రం వచ్చీరాగానే అక్కయ్యకి గ్లౌజు తొడిగింది. నాలుగు వేళ్ళూ మెల్లగా విచ్చుకున్నాయి. బొటనవేలి దగ్గర మోటారు చాలాసేపు మూలిగి ఆగిపోయింది; ఆ వేలు విచ్చుకోలేదు.

"కత్తెరకి కావలసింది అదేగా," అంది భారతీదేవి.

"అక్కయ్యా, నేను..."

"చెప్పకు. తెలుసు."

గ్లౌజు ఆమె చేతి నుంచి జారి, పాక్కుంటూ వచ్చి నీరజ కుడిచేతికి ఎక్కింది. తీస్తే రాలేదు. నీరజా గట్టిగా లాగి చూడలేదు.

మర్నాటి నుంచి కుర్చీలో భారతీదేవి, పక్కన నిలబడి నీరజ. "రెండున్నర మీటర్లు" అని భారతీదేవి అంటే ఆ చేయి కత్తెర అందుకుంటుంది. నీరజ అంటే కదలదు.

"కోత మళ్ళీ మీ చేతిదేనండీ భారతమ్మగారూ, తిన్నగా పోయింది," అంటూ ముక్త్యాల పుల్లమ్మ జాకెట్టు గుడ్డ సంచిలో పెట్టుకుంది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పితే ఆ చేయి ముద్ద కలిపి ముందు భారతీదేవి నోటికి అందిస్తుంది. ఆమె చాలు అన్నాకే నీరజ వైపు తిరుగుతుంది.

ఒక్కోరోజు ఆమె చాలు అనదు. నీరజ అడగదు.