ఇద్దరు యుస్త్రాతియోసులు, ఒక పటకారు

మా ఊరి బిషప్పు యుస్త్రాతియోస్‌కు చూపు పోవడంతో రాజధానిలోని పెద్దలు ఆయనను పదవి నుంచి తప్పించి కొండ మీది మఠానికి పంపారు. వెళుతూ ఆయన తన మంచం, మేక, ముద్ర పటకారు తీసుకెళ్లారు. మంచం, మేక ఆయన సొంతం. పటకారు మాత్రం కొలువుది.

దాని ఇనుప దవడల్లో ఒకవైపు పునీత ఫోకాస్ బొమ్మ, రెండోవైపు "ప్రభూ, నీ సేవకుడు, బిషప్పు యుస్త్రాతియోస్‌ను ఆదుకో" అన్న అక్షరాలు తిరగేసి చెక్కి ఉంటాయి. ఉత్తరానికి కట్టిన దారాన్ని సీసపు బిళ్లలోంచి పోనిచ్చి, బిళ్లను ఆ దవడల మధ్య పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే ముద్ర పడుతుంది. ఏళ్ల తరబడి ఆ సుత్తి పని నాది. నేను డీకన్ సినేసియోస్‌ను.

కొత్తగా వచ్చిన బిషప్పు పేరు కూడా యుస్త్రాతియోసే. పొదుపరి. పేరూ పదవీ ఒకటే కాబట్టి కొత్త పటకారు ఖర్చు తప్పిందని సంతోషించి, పాతది తెమ్మని నన్ను కొండ మీదికి పంపారు. ముసలాయన నా మాట తనకు వినపడలేదన్నారు. ఆయన చెవులు బాగానే పనిచేస్తాయి. నేను వట్టి చేతులతో తిరిగొచ్చాను.

ఈలోగా ముద్ర లేకుండా పంపిన ఉత్తరాన్ని రాష్ట్రాధికారి చదవకుండానే తిప్పి పంపాడు. దాంతో కొత్తాయన స్వయంగా కంచరగాడిద ఎక్కారు. వెనక నేను నడిచాను.

"పేరొకటైతే మనిషొకడైపోతాడా నాయనా?" అన్నారు ముసలాయన. "ఆ ప్రార్థన నా కోసం చెక్కించుకున్నది. నువ్వెన్ని ముద్రలు కొట్టించినా దేవుడు నన్నే ఆదుకుంటాడు."

కొత్తాయన అడిగారు: "అందులో మీకొచ్చే నష్టమేంటి తండ్రీ?"

ముసలాయనకు ఈ సంగతి అంతకుముందు తట్టినట్టు లేదు.

"ఉత్తరాలు బాగా రాస్తావా?"

"రాస్తానండీ. నాకు తగాదాలెక్కువ."

ముసలాయన దిండు కింద తడిమి పటకారు తీసి ఇచ్చారు.

ఆ చలికాలం ముసలాయనకు జబ్బు చేసింది. అప్పటి నుంచి మా బిషప్పు ఉత్తరాలు పెరిగాయి. కిటికీలోంచి పిలిస్తే పలికే ఎదురింటి పాదిరికి కూడా రాసి ముద్ర వేయించారు. ఇదంతా ఎందుకని అడిగితే, "నువ్వు కొట్టవయ్యా," అన్నారు. నా భుజం వాచింది.

ఉపవాస దినాలకు ముందే ముసలాయన పోయారు. ఆయనను పాతిపెట్టి వచ్చాక మా బిషప్పు పటకారు తీసుకుని కమ్మరి దగ్గరికి బయలుదేరారు. అక్షరాలు ఇంకా బాగానే పడుతున్నాయని, పేరు ఎలాగూ తమదేనని గుర్తుచేశాను.

"కాదు, ఆయనదే," అన్నారు. కమ్మరి దవడలను చితగ్గొడుతుంటే ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పొగ వల్ల అని కమ్మరి అనుకున్నాడు.

కొత్త పటకారు ఉపవాసాలు ముగిసి పండగ వెళ్లాక వచ్చింది. మొదటి బిళ్ల కొట్టి చూస్తే చెక్కినవాడు పేరులో ఒక అక్షరం మింగేశాడు. తిప్పి పంపమంటారా అని అడిగాను.

"ఆ పేరెవరిదో దేవుడు పోల్చుకుంటాడులే," అని ఆయన ఇంకో ఉత్తరం నా ముందుకు తోశారు.