మేకు పడని గోడ

సుయెన్ గారికి తన గోడలంటే ప్రాణం. సైగాన్ సందులో వరసగా ఆవిడ అద్దె గదులు, ఒక్క గోడకీ కంత ఉండకూడదు. ఇదివరకు అద్దెకున్నవాళ్లెవరో జల్లెడ చేసి పోయారట, అప్పట్నుంచీ అదే పట్టు.

థామ్‌కి మాత్రం గోడకి చిన్న చెక్క అర కావాలి. మొగుడు తోయాన్ పోయి ఏడాది కావస్తోంది. అతని పేర అగరొత్తులు గుచ్చే బూడిద గిన్నె ఎత్తున ఉండాలి. పడుకునే అటక కింద పెడితే, పోయినవాడి నెత్తిన కాళ్లు పెట్టి పడుకున్నట్టే కదా.

"పిన్నీ, రెండంటే రెండు మేకులు. వెళ్లేటప్పుడు నేనే పూడ్చేస్తా."

"అందరూ ఇదే పాట పాడతారమ్మాయ్! పూడ్చిన చోటల్లా నా గోడకి బొల్లి మచ్చలు. జిగురు పట్టీలున్నాయిగా, అంటించుకో."

"బరువుకి ఆగుతాయా?"

"మీ ఆయనేమన్నా వచ్చి అందులో కూర్చుంటాడా?"

థామ్ చచ్చినట్టు నవ్వింది. పరాయివాళ్ల చావుని ఇంట్లోకి ఎవరు రానిస్తారు? గిన్నె పట్టుకుని తిరిగితే గదిచ్చింది ఈవిడొక్కతే.

జిగురు వానలదాకా ఆగింది. సంవత్సరీకానికి ముందురోజు, థామ్ బట్టల ఫ్యాక్టరీలో ఉండగా, చెమ్మెక్కిన గోడ పెచ్చుతో సహా అర ఊడిపడింది. చప్పుడుకి సుయెన్ గారు తన తాళంచెవితో తలుపు తీసింది. ఇటుకలు కనపడేంత గొయ్యి! ఒళ్లు మండిపోయి, ఆ మంటలోనే చీపురందుకుంది.

థామ్ వచ్చేసరికి నేల అద్దంలా ఉంది.

"చూడవే నా గోడ గతి!"

థామ్ గోడ వంక చూడనే లేదు. "గిన్నేది పిన్నీ?"

"పగిలింది. కొత్తది కొనిస్తాలే."

"అందులో బూడిద?"

సుయెన్ గారు ఖాళీ చెత్తబుట్ట వైపు చూసింది. తనూ రోజూ మొగుడికి అగరొత్తి వెలిగించే మనిషే. సున్నం పొడీ బూడిదా కలిసి ఒకటే రంగయ్యాయి, కోపంలో కళ్లకి ఆనలేదు. చెత్తబండి ఎప్పుడో వెళ్లిపోయింది.

అంత్యక్రియలనాడు వెలిగించిన మొదటి అగరొత్తి బూడిద అది. దాన్ని ఆనవాలు పట్టుకునే తోయాన్ ఆత్మ సంవత్సరీకానికి ఇంటికి రావాలి.

సుయెన్ గారు సుత్తీ మేకులూ తెచ్చింది. "ఎక్కడ కావాలో చెప్పు తల్లీ, నేనే కొడతా." థామ్ వంగి నేల మూలల్లో వేలితో తడుముతోంది.

మర్నాడు అన్నం, అతనికిష్టమైన చేపల పులుసు వండి నేలమీద పెట్టింది. ఏ వైపు తిరిగి పిలవాలో తెలియలేదు. అన్నం చల్లారిపోయేదాకా అలాగే కూర్చుంది.