నడుం ముట్టుకోని డాక్టరు

ఆగండి, ఒక్క నిమిషం. ఫోన్ పక్కన పెట్టి ఇది వినండి.

సిమెంటు గోడౌన్ మెట్ల మీద అన్న కూలబడ్డాడు. వీపు మీద యాభై కిలోల బస్తా. తమ్ముడు వెనకే ఉన్నాడు, పట్టుకునేలోపే అయిపోయింది. కంపెనీ డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. నడుం ముట్టుకోలేదు. పట్టేసిందన్నాడు, సూది వేశాడు, 'ఫిట్' అని చీటీ రాశాడు.

అది మూడోసారి. సూది పడ్డ రోజు నొప్పి తెలిసేది కాదు. తగ్గిపోయిందనుకుని అన్న మామూలుకంటే ఎక్కువే మోసేవాడు. గోడౌన్‌లో అందరూ అంతే, ఆ సూదిని మెచ్చుకుంటూ మరీ మోసేవాళ్లు!

ఈసారి కాలు ఈడ్చుకుపోయింది. మూత్రం ఆగిపోయింది. వదినా తమ్ముడూ ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ అన్నను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలెత్తి చూసింది. బొటనవేలు పైకి లేపమంది. లేవలేదు. స్కానింగ్ చూసి, డిస్కు జారి నరాల్ని నొక్కేస్తోంది, వెంటనే ఆపరేషన్ చేయాలంది. మొదట్లోనే ఎవరైనా ఇలా చూసి బరువులు మాన్పించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో అంది. పాదం మళ్లీ లేస్తుందని మాత్రం మాటివ్వలేదు.

తమ్ముడు ఏడవలేదు. ఆ కాలెత్తే పరీక్ష ఎలా చేయాలో అడిగి నేర్చుకున్నాడు.

అన్న ఆపరేషన్ అయిన మర్నాడు, భోజనాల వేళ గోడౌన్‌లో గోతాలు పరిచి తోటి హమాలీలందర్నీ ఒక్కొక్కరిగా పడుకోబెట్టాడు. నలభైమందిలో పదకొండుమందికి కాలెత్తగానే మోకాలి కిందదాకా నొప్పి జివ్వున లాగింది. అందరి జేబుల్లోనూ ఫిట్ చీటీలే. వీళ్లని పెద్దాసుపత్రికి పంపండి, కోలుకునేదాకా తేలిక పని ఇవ్వండి అని కంట్రాక్టరును అడిగారు. డాక్టరు రాస్తే చూద్దామని అతను నవ్వాడు.

నలభైమందీ డాక్టరు గదిలోకి తోసుకొచ్చారు.

"లేవండి సార్. వీళ్లని ముట్టుకుని చూడండి," అన్నాడు తమ్ముడు.

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు సార్. మీరూ కాదుగా."

అందరూ గొల్లుమన్నారు. ముసలి హమాలీ ఒక్కడే నవ్వలేదు. "పన్నెండేళ్ల నుంచి నన్ను ఫిట్ అంటున్నావు బాబూ. నువ్వు ఫిట్టో కాదో చూద్దాం," అని బస్తా తెప్పించాడు.

తమ్ముడూ ఇంకొకడూ ఎత్తి డాక్టరు వీపు మీద పెట్టారు. ఎదురుగా బల్ల మీద కాగితం, చేతిలో పెన్ను. పదకొండుమందికీ పెద్దాసుపత్రికీ తేలిక పనికీ చీటీలు రాయమన్నారు. రాస్తే కంట్రాక్టరు కంపెనీకి చెప్పి తన ఉద్యోగం పీకిస్తాడన్నాడతను. మరి మా నడుముల సంగతేంటని ఎవరో వెనకనుంచి అడిగారు.

బయట పోలీసు జీపు ఆగింది. తలుపు మీద లాఠీలు మోగుతున్నాయి. లోపల మిగతావాళ్లంతా వీపులు తలుపుకి ఆనించి నిలబడ్డారు, పదకొండుమందితో సహా.

డాక్టరు వంగిపోయి బల్ల అంచు పట్టుకున్నాడు. "నడుం పోతుందయ్యా, దించండి," అంటున్నాడు. కాగితం ఇంకా తెల్లగానే ఉంది. తమ్ముడి చేతులు బస్తా మీదే ఉన్నాయి.

మీరైతే దించుతారా?