పెరుగు లేని బటూరాలు

మా మనవరాలిని నేను పిచ్చుక అని పిలుస్తాను. చిన్నప్పుడు కంచంలో ఏది పెట్టినా ఏరుకుని ఏరుకుని తినేది, అందుకని. ఆ పిచ్చుక పాలు, పెరుగు, నెయ్యి మానేసింది. ఆ తర్వాత మా ఇంట్లో తిండే మానేసింది. అలిగి వెళ్ళిపోయిందని కాదు. పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం, అక్కడికి దగ్గర్లో స్నేహితురాలితో కలిసి ఒక గది. ఆదివారం వస్తుంది, నా మంచం మీదే కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ చెబుతుంది. కంచాలు పెట్టే వేళకి లేచి చెప్పులు వేసుకుంటుంది.

ఇదంతా మా అబ్బాయి పుణ్యం. వాడిది పాల దుకాణం. తెల్లారకముందే షట్టరెత్తి క్యాన్లు దించుకుంటాడు. ఎన్నిసార్లు సబ్బు రుద్దినా వాడి చేతులకి పాల వాసన పోదు. కూతురు పాలు తాగనన్న రోజున వాడికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

"నిన్ను చదివించింది ఆ పాలేనమ్మా" అన్నాడు.

"కాదన్నానా నాన్నా? తల్లి దగ్గరికి పోనివ్వకుండా దూడని కట్టేయడం చూశాక నాకు గొంతు దిగట్లేదు. అంతే."

"అంటే నేను రాక్షసుణ్ణా?"

"ఆ మాట నేననలేదు."

"నువ్వు అనక్కర్లేదు, నీ మొహం అంటోంది."

ఇక అప్పట్నుంచి అది కంచం ముందు కూర్చుంటే చాలు, వీడి నోరు ఊరుకోదు. "ఈ నీళ్ళు గేదె తాగే నీళ్ళేనమ్మా, పప్పులో పోశారు, చూసుకో" అంటాడు. ఎన్నాళ్ళని పడుతుంది? తినడం మానేసింది.

నాకు ఒకటే పట్టుదల. అది మళ్ళీ నా చేతి వంట తినాలి. దానికి ప్రాణం బటూరాలంటే. మైదా పిండి పులియబెట్టి, కంచమంత వెడల్పు ఒత్తి, కాగిన నూనెలో వేస్తే బుస్సున పొంగే పెద్ద పూరీలు. పెరుగు వెయ్యనిదే అవి పొంగవని నా నమ్మకం. సందు చివర రొట్టెల బట్టీ అతన్ని అడిగాను.

"పెరుగెందుకు మామ్మగారూ? ఈ ఈస్ట్ గోరువెచ్చని నీళ్ళలో కాస్త పంచదారతో కలపండి. నురగ రాకపోతే నన్ను తిట్టండి."

"నిన్ను తిట్టడానికి నీ అనుమతి కావాలా నాయనా" అన్నాను.

మొదటి వాయి చూసి మా కోడలు, "అత్తయ్యా, ఇవి తినడానికా, చెప్పులకి అట్ట వేయించడానికా?" అంది. తర్వాతిసారి ఉడికించిన బంగాళాదుంప మెత్తగా చిదిమి, గుప్పెడు సన్నరవ్వ, రెండు గరిటెల నూనె వేసి పిసికాను. పొంగాయి! ఆ పొద్దే పిచ్చుకకి ఫోన్ చేయించాను.

"మూకుడు కూడా కొత్తది కొన్నానే. నెయ్యి గరిటె ఆ దరిదాపులకి రానివ్వను."

"అవన్నీ ఎందుకు నానమ్మా? నువ్వు చేస్తే తింటాను" అంది. ఆ మాటకి నా కడుపు నిండిపోయింది.

ఆదివారం పొద్దున్నే పిండి కలిపి, తడిగుడ్డ కప్పి, స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి మా అబ్బాయి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తున్నాడు. "మంచినీళ్ళకి వచ్చానమ్మా" అన్నాడు. కూతురొస్తోందని దుకాణం పెందలాడే కట్టేశాడు కాబోలని మురిసిపోయాను.

పిల్ల వచ్చింది. కంచం ముందు కూర్చుంది. నేను ఒత్తి వేస్తుంటే ఒక్కొక్కటీ బుడగలా లేచింది. మొదటిది తిని రెండోది తుంచుతూ, "నానమ్మా, దూదిలా ఉన్నాయే! మునుపటికంటే బాగున్నాయి" అంది.

మా అబ్బాయి పకపకా నవ్వాడు.

"బాగుండవూ మరి! మన దుకాణం పెరుగు గిన్నెడు పోసి, పిండి చల్లి మళ్ళీ పిసికాను. గొంతు దిగిందా లేదా?"

పిల్ల చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"బుద్ధుందా మీకు?" అంది కోడలు.

"తప్పేముంది? చిన్నప్పుడు అమ్మ నాకు అరటిపండులో మాత్ర పెట్టి మింగించలేదూ? మన ఇంట్లో మంచి చేసే పద్ధతే అది. అమ్మనే అడగండి!"

అప్పుడది వాళ్ళ నాన్న వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"నానమ్మా, నీకు తెలుసా?"

"తెలీదు తల్లీ. నీ మీద ఒట్టు."

"సరే" అంది.

అంతే. ఒక్క తిట్టు తిట్టినా, ఏడ్చినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. చెయ్యి కడుక్కుని, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. పొయ్యి మీది వాయి మాడి ఇల్లంతా పొగ కమ్మింది.

"కోపంతో చెయ్యలేదమ్మా" అన్నాడు మా అబ్బాయి, మెట్ల మీద కూర్చుని. "ఒక్కసారి తింటే ఆ బెట్టు పోతుందనుకున్నాను." నేను ఆ కొత్త మూకుడుకి పట్టిన మాడు తోముతూ ఉండిపోయాను.

పిచ్చుక మళ్ళీ వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది, మంచి పిల్ల. నా మంచం మీదే కూర్చుంది. తొక్క కూడా వలవని వేరుసెనక్కాయలు ఉడకబెట్టి తెచ్చి దాని ముందు పెట్టాను.

"ఇందులో ఎవరైనా ఏం కలపగలరే? నువ్వే వలుచుకో."

"ఇప్పుడే తిని వచ్చాను నానమ్మా" అని, ఆసుపత్రికి వచ్చిన కుంటి కుక్క కబురు మొదలుపెట్టింది.

మధ్యలో దాని కడుపు గుర్రుమంది. ఇద్దరికీ వినిపించింది. అది తల వంచుకుంది. నేను, "ఆ తర్వాత ఆ కుక్క ఏమైందే?" అని అడిగాను.